గీత ఉందా అని కాదు, ఎలా ఉందని చూడండి

ప్రశ్న: భారీ నక్షత్రాలు పుట్టే తొలిదశను నీటి వర్ణపట రేఖల ద్వారా ఎలా తెలుసుకుంటారన్నది మా మేడమ్ నాకు సెమినార్ అంశంగా ఇచ్చారు. నక్షత్రమంటే నిప్పుల ముద్ద కదా, అక్కడ నీళ్లేమిటి? ఉన్నా, హైడ్రోజన్ అంత దండిగా ఉండగా నీటినే ఎందుకు పట్టుకోవాలి?
– డిగ్రీ విద్యార్థిని, నరసరావుపేట

జవాబు: అమ్మా, నిప్పు సంగతి కాసేపు పక్కన పెట్టండి. నక్షత్రం పుట్టే చోటు చలికీ చీకటికీ పుట్టిల్లు. ధూళి, వాయువు కలిసిన మేఘం అది. నడిమి భాగం వేడెక్కకముందు అక్కడి ఉష్ణోగ్రత సున్నాకు 250, 260 డిగ్రీల సెల్సియస్ దిగువన ఉంటుంది. హైడ్రోజన్ దండిగా ఉన్నమాట నిజమే, కాని అంత చలిలో హైడ్రోజన్ అణువు మూగది. దానికి ధనధ్రువం, రుణధ్రువం అంటూ విడిగా లేకపోవడంతో తిరిగినా రేడియో తరంగాలు వెలువరించదు. నీటి అణువు అలా కాదు. వంగిన ఆకారం, బలమైన ధ్రువత్వం ఉండటంతో కాస్త తిరిగితే చాలు, వర్ణపటంలో ఒక నిర్దిష్ట పౌనఃపున్యం దగ్గర ఒక గీత పుడుతుంది. పైగా దాని మూడు అక్షాలూ మూడు తీరులు కనుక గీతలు లెక్కకు మిక్కిలి. 557 గిగాహెర్ట్జ్ దగ్గర ఒకటి, 1113 దగ్గర ఒకటి, 988, 752 దగ్గర మరికొన్ని. చలిలో ఉన్న నీరు ఒక గీత దగ్గర పలికితే, వేడెక్కిన నీరు ఇంకో గీత దగ్గర పలుకుతుంది.

అసలు కారణం వేరే ఉంది. ఈ మేఘాల్లో నీరు చాలావరకు ధూళి రేణువులకు మంచుపొరగా అంటుకుని ఉంటుంది. ఉష్ణోగ్రత 100 కెల్విన్, అంటే సున్నాకు 173 డిగ్రీల దిగువకు చేరేసరికి ఆ మంచు ఒక్కసారిగా ఆవిరవుతుంది. ఇంకా వేడెక్కి 250 కెల్విన్ దాటితే, విడిగా తిరుగుతున్న ఆక్సిజన్ పరమాణువులు హైడ్రోజన్‌తో చర్య జరిపి వాయువులోనే కొత్త నీటిని తయారుచేస్తాయి. కనుక లోపల ఎక్కడ వేడి రాజుకుందో అక్కడ నీటి ఆవిరి వేల రెట్లు పెరుగుతుంది. ఇంత ఒక్కుమ్మడిగా మారే అణువులు అక్కడ ఎన్నో లేవు. బయటికి ఇంకా ఏమీ కనబడని దశలోనే లోపలి వేడిని నీరు బయటపెట్టేస్తుంది.

ఇక భారీ నక్షత్రాలు. సూర్యుడికి 8 రెట్లకు మించిన ద్రవ్యరాశి ఉన్నవాటిని అలా అంటారు. అవి అరుదు, దూరం, తొందర కూడా ఎక్కువే. మనకు దగ్గర్లోని పెద్ద ఉదాహరణ మృగశిర నెబ్యులా, అదే 1,350 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. అవి పుట్టడానికి పట్టే కాలం లక్ష సంవత్సరాల అటూ ఇటూ. ఆ కాలమంతా ధూళి ముసుగులోనే గడుస్తుంది. ఇంకా ద్రవ్యం వచ్చి పడుతుండగానే లోపల హైడ్రోజన్ మండటం మొదలవుతుంది, ఆ వెలుగు ఒత్తిడి వచ్చేదాన్ని వెనక్కి తోస్తుంది. మరి తోసివేతను తట్టుకుని అంత ద్రవ్యం లోపలికి ఎలా చేరుతోంది? దశాబ్దాలుగా నలుగుతున్న ప్రశ్న ఇది. నీటి గీతలు ఇక్కడే అక్కరకొచ్చాయి.

ఈసీజీ కాగితంలో గుండె ఉందా లేదా అని ఏ డాక్టరూ చూడడు, గీత ఎక్కడ లేచింది, ఎక్కడ పడింది అన్నదే చూస్తాడు. ఇక్కడా అంతే. నీరు ఉన్నదన్న వార్తతో నాకు పెద్దగా పని లేదు. గీత ఆకారంలోనే కథంతా ఉంది. విశాఖలో ఎమ్మెస్సీ చదివే రోజుల్లో స్పెక్ట్రోగ్రాఫ్ ప్లేటును డార్క్‌రూములో కడిగి, పక్కనున్న ఇనుప ఆర్క్ గీతలతో పోల్చి మా గీత స్థానాన్ని కంపారేటర్ కింద కొలిచేవాళ్లం. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో వర్ణపట పరిశోధనకు రంగధామరావు గారు వేసిన పునాది మీద నడిచిన ప్రయోగశాల అది. గీత సన్నగా, సూటిగా రాకుండా చెదిరితే ప్లేటు పాడైందని విసుక్కునేవాళ్లం. ఈ అధ్యయనంలో ఆ చెదరడమే సరుకు.

సెమినార్‌లో బోర్డు మీద ఇలా గీయండి. మధ్యలో నక్షత్రం పుడుతున్న వాయు ముద్ద ఒకటి, అందులో వేడెక్కిన ధూళి అన్ని పౌనఃపున్యాల్లోనూ వెలుగునిస్తోంది. చుట్టూ చల్లని వాయువు. మనం కుడివైపు నిలబడి చూస్తున్నాం. వెనకనుంచి వచ్చే ధూళి వెలుగును మింగగలిగేది మనకూ ముద్దకూ మధ్య ఉన్న వాయువు ఒక్కటే. వెనకవైపు వాయువుకు ఆ అవకాశం లేదు. కనుక గీతలో శోషణ గుంట కనిపిస్తే అది ముందువైపు వాయువు పనేనని ఖాయం. ఆ గుంట ఎరుపు వైపుకు, అంటే మననుంచి దూరమయ్యే వేగం వైపుకు జరిగి ఉంటే? ముందున్న వాయువు మననుంచి దూరంగా పోతోందన్నమాట. మననుంచి దూరమంటే ముద్ద వైపే. అంటే అది లోపలికి పడుతోంది. గుంట నీలం వైపు జరిగి ఉంటే వాయువు బయటికి వస్తోంది. ఇంత తేలికైన తర్కం ఖగోళశాస్త్రంలో అరుదుగా దొరుకుతుంది. ఒక్క జాగ్రత్త: ఎటు జరిగిందో చెప్పాలంటే ముద్ద సొంత వేగం ముందే తెలియాలి. దాన్ని నీటినుంచి కాక, బరువైన ఆక్సిజన్ ఉన్న కార్బన్ మోనాక్సైడ్ గీతనుంచి తీసుకుంటారు.

గుంట చుట్టూ వెడల్పాటి రెక్కలు కూడా ఉంటాయి. సెకనుకు 20, 30 కిలోమీటర్ల వెడల్పున పరచుకున్న రెక్క అంటే పసినక్షత్రం రెండు వైపులా చిమ్ముతున్న ధార చుట్టూ ఉన్న వాయువును ఢీకొడుతోందని అర్థం. సన్నని భాగం నిశ్చలంగా ఉన్న బయటి పొరది. ఒకే గీతలో ఇన్ని పొరలు ఒకదానిమీద ఒకటి పడి ఉంటాయి, వాటిని విడదీయడమే అసలు పని. మామూలు నీటి గీత చాలాసార్లు పూర్తిగా నిండిపోతుంది, అంటే ఆ పౌనఃపున్యంలో వెలుగంతా బయటి పొరలే మింగేస్తాయి, కాబట్టి లోపలి భాగం కనిపించదు. అప్పుడు బరువైన ఆక్సిజన్-18 ఉన్న నీటి గీతను ఆశ్రయిస్తారు. ఆ రకం ఆక్సిజన్ దాదాపు 500కు ఒకటి కనుక ఆ గీత అంత తొందరగా నిండదు, లోతు కనిపిస్తుంది.

ఒక నిజమైన ఉదాహరణ ఇస్తాను, సెమినార్‌కు అదే చాలు. గరుడ రాశిలో 18,000 కాంతి సంవత్సరాల దూరాన డబ్ల్యూ43-ఎంఎం1 అనే ముద్ద ఉంది. ఫ్రాన్స్‌లోని బోర్డోకు చెందిన ఫాబ్రిస్ ఎర్పాన్ బృందం దాని నీటి గీతలను విడదీసి 2012లో ఫలితాలు ప్రకటించింది. బయటి చల్లని పొరలో 10 కోట్ల హైడ్రోజన్ అణువులకు 8 నీటి అణువులు. 100 కెల్విన్ దాటిన లోపలి భాగంలో లక్షకు 14. అంటే 1,700 రెట్లకు పైగా ఒక్క గెంతు! పైన చెప్పిన మంచు ఆవిరవడం కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. వాయువు సెకనుకు దాదాపు 3 కిలోమీటర్ల వేగంతో లోపలికి పడుతోంది. దాన్నిబట్టి లెక్కగడితే, అతి తక్కువ అంచనా ప్రకారమే ఏడాదికి సూర్యుడి ద్రవ్యరాశిలో పదివేల వంతుల్లో 4 వంతులు వచ్చి చేరుతోంది. వినడానికి చిన్నదే. మన భూమి లెక్కలో చూస్తే ఏడాదికి 130 భూములు. ఎక్కువ అంచనా దానికి వంద రెట్లు. వెలుగు ఒత్తిడి తోసేస్తుందన్న బెంగకు ఈ అంకెలే జవాబు: పడే ధాటి అంత ఉంటే తోసివేత నిలవలేదు. ఇంకొకటి కూడా తేలింది. ఆ వాయువు సెకనుకు 2 కిలోమీటర్లకు పైగా కల్లోలంగా కదులుతోంది. అంత చలిలో ధ్వని వేగం అందులో ఎనిమిదో వంతు కూడా ఉండదు. ధ్వనిని మించిన ఈ కల్లోలమే మేఘం ముక్కలైపోకుండా నిలబెడుతోందని ఒక వాదం. నాకు అది నమ్మదగినదిగానే అనిపిస్తుంది. అయితే అన్ని ముద్దలూ ఇలా పడుతూనే లేవు, కొన్నింట్లో గుంట నీలం వైపు జరిగింది. ఈ మాట సెమినార్‌లో దాచకండి, ప్రశ్నలు దాని మీదే వస్తాయి.

ప్రశ్న: ఈ గీతల కోసం ఏకంగా అంతరిక్షంలోకి టెలిస్కోపు పంపారని చదివాను. నేలమీద కొండలెక్కి పెట్టిన పెద్ద పెద్ద యాంటెనాలు ఉండగా అంత ఖర్చు అవసరమా?
– విశ్రాంత ఉపాధ్యాయుడు, నిజామాబాద్

జవాబు: అవసరమేనండీ. మీరు చదివింది హెర్షెల్ టెలిస్కోపు గురించే. అడ్డు మన నెత్తిమీదే ఉంది. అక్కడి నీరు ఏ పౌనఃపున్యంలో పలుకుతుందో సరిగ్గా అదే పౌనఃపున్యాన్ని మన గాలిలోని తేమ మింగేస్తుంది. 557 గిగాహెర్ట్జ్ దగ్గర చిలీలో 5,000 మీటర్ల ఎత్తున్న ఎడారి పీఠభూమి మీద నిలబడ్డా ఆకాశం మూసిన తలుపే. విమానంలో పెట్టిన సోఫియా టెలిస్కోపు 12 కిలోమీటర్ల పైకి ఎగిరేది, ఆ ఎత్తులో కూడా ఈ గీతకు దారి దొరకలేదు. మన అడ్డంకే వాతావరణశాస్త్రవేత్తలకు వరం, చూడండి. 2011 అక్టోబర్ 12న శ్రీహరికోట నుంచి వెళ్లిన భారత్-ఫ్రాన్స్ ఉపగ్రహం మేఘా-ట్రోపిక్స్ 183 గిగాహెర్ట్జ్ నీటి గీతనే పట్టుకుని ఉష్ణమండలం గాలిలో తేమ ఏ ఎత్తున ఎంత ఉందో కొలిచింది. అదే అణువు గీత, అదే భౌతికశాస్త్రం. అది కిందికి చూసింది, హెర్షెల్ పైకి చూసింది.

యూరప్ వారి హెర్షెల్ 2009 మే 14న ఫ్రెంచ్ గయానాలోని కౌరూ నుంచి బయల్దేరింది. అద్దం వ్యాసం 3.5 మీటర్లు. మన ఆదిత్య-ఎల్1 సూర్యుడి వైపు ఎంత దూరాన ఉందో, ఇది భూమికి అవతలి వైపు అంతే దూరాన, 15 లక్షల కిలోమీటర్ల వద్ద నిలిచింది. అందులో హైఫీ అనే పరికరం ఉంది. నెదర్లాండ్స్ నాయకత్వంలో తయారైన ఆ పరికరం గీత ఆకారాన్ని సెకనుకు అర కిలోమీటరు చొప్పున విడదీసి చూపగలదు. దాన్ని పంపిన మూడు నెలలకే, 2009 ఆగస్టులో, ఓ విశ్వకిరణం తాకిడితో మొదలైన వరుస లోపాల వల్ల విద్యుత్ భాగం దెబ్బతిని హైఫీ మూగబోయింది. దాన్ని బాగుచేయడానికి ఎవరూ వెళ్లలేరు. ఇంజినీర్లు భూమి మీదినుంచే కారణం తేల్చి, అది మళ్లీ జరగకుండా కట్టుదిట్టం చేసుకుని, 2010 జనవరిలో రెండో జత భాగాలతో దాన్ని లేపారు. నేను ఇప్పటిదాకా చెప్పిన గీతలు ఆ రెండో జన్మలోనివే. లైడెన్‌కు చెందిన ఎవైన్ వాన్ డిషూక్ నడిపిన విష్ అనే కార్యక్రమం 80 దాకా వస్తువుల మీద నీటిని వెతికింది, అందులో భారీ నక్షత్రాల పుట్టిళ్లు ఒక ముఖ్య భాగం. 2013 ఏప్రిల్ 29న పరికరాలను చల్లబరిచే ద్రవ హీలియం అయిపోయింది, దాంతో అన్నీ ఆగిపోయాయి.

ఇప్పుడు జేమ్స్ వెబ్ ఉంది కదా అని మీరు అడుగుతారు. అది పరారుణంలో నీటిని బ్రహ్మాండంగా చూస్తుంది. కాని దాని చూపు వేగాన్ని సెకనుకు వంద కిలోమీటర్ల మెట్లలోనే విడదీస్తుంది. 3 కిలోమీటర్ల వేగంతో పడే వాయువు అందులో కనిపించదు. ఆ పని కోసం హెర్షెల్‌కు వారసుడు కావాలి, ఇప్పటికైతే లేడు.

ప్రశ్న: మరి 2020లో ఓ పసి జంట నక్షత్రాల చుట్టూ ఉప్పు, వేడినీటి ఆవిరి కనుగొన్నారని, అదీ నేలమీది ఆల్మా టెలిస్కోపుతోనే అని వార్త వచ్చింది. తేమ అడ్డం రాలేదా?
– సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, డల్లాస్

జవాబు: మంచి చోట పట్టుకున్నారు. అడ్డం వచ్చేది చల్లని నీటి గీతలకే. ఐరాస్ 16547-4247 అనే ఆ భారీ జంట చుట్టూ ఆల్మా చూసిన గీత 232 గిగాహెర్ట్జ్ దగ్గరిది. అందులోని నీటి అణువు లోలోపల కంపిస్తూ ఉంటుంది, ఆ స్థితికి చేరాలంటే వేల కెల్విన్ల వేడికి సమానమైన శక్తి కావాలి. మన గాలిలో ఆ స్థితిలో ఉన్న నీరు దాదాపు లేనట్టే కనుక మింగే నోరు లేదు. ఆక్సిజన్-18 నీటి గీత 203 గిగాహెర్ట్జ్‌ది కూడా అదే దారిన నేలకు చేరుతుంది, అంత బరువు నీరు మన గాలిలో కొంచెమే కదా. ఉప్పు అంటే సోడియం క్లోరైడే. నక్షత్రానికి ఆనుకుని తిరుగుతున్న చక్రంలో ధూళి రేణువులు దెబ్బతిని లోపలి ఉప్పు బయటపడిందని వివరణ. ఆల్మా బలం చిన్న వివరం చూడటంలో ఉంది, కనుక నక్షత్రం పక్కనే ఉన్న చక్రాన్ని చూపుతుంది. బయట విశాలంగా పరచుకుని లోపలికి పడుతున్న చల్లని నీటిని మాత్రం అది చూపలేదు. ఒకటి రెండోదానికి బదులు కాదు.

ప్రశ్న: ఆ మేఘంలోకి గాజు గ్లాసు పట్టుకుని వెళ్తే ఎంత సేపట్లో నిండుతుంది సార్?
– తొమ్మిదో తరగతి విద్యార్థి, పార్వతీపురం

జవాబు: నిండదు నాన్నా. లెక్క వేద్దాం. బయటి పొరలో ఘన సెంటీమీటరుకు 10 లక్షల హైడ్రోజన్ అణువులు ఉన్నాయనుకో. అంటే 10 కోట్లకు 8 చొప్పున, 200 మిల్లీలీటర్ల నీ గ్లాసులో పట్టేవి 16 నీటి అణువులు. నువ్వు తాగే గ్లాసులో 6 పక్కన 24 సున్నాలు వేసినన్ని ఉంటాయి. మరి ఆ పదహారు మనకెలా తెలిశాయంటావు. మేఘం లోతు చూడు. ఒక కాంతి సంవత్సరం మందం అలాగే ఉందనుకుంటే, మన చూపు దారిలో ప్రతి చదరపు సెంటీమీటరుకు 7 పక్కన 16 సున్నాలు వేసినన్ని అణువులు వరుసకట్టి ఉంటాయి. ఆ మొత్తాన్ని ఒకచోట చేర్చి నీటిపొరగా పరిస్తే దాని మందం సెంటీమీటరులో నాలుగు లక్షలవ వంతు. వెనకనుంచి వచ్చే వెలుగును ఆ ఒక్క పౌనఃపున్యంలో పూర్తిగా మింగడానికి అది చాలు. ఈ లెక్క మీ లెక్కల మాస్టారికి చూపించి, సున్నాలు సరిచూడమను.

ప్రశ్న: అంతరిక్షంలో నీటి అణువులు లేజరు కిరణంలా ప్రసారం చేస్తాయని మా మనవడు అంటున్నాడు. నన్ను ఆటపట్టిస్తున్నాడా?
– గృహిణి, కాకినాడ

జవాబు: లేదమ్మా, అబ్బాయి చెప్పింది నిజమే. లేజరు కాంతిలో పనిచేస్తుంది, ఇది మైక్రోతరంగాల్లో, దాన్ని మేజరు అంటారు. 22 గిగాహెర్ట్జ్ దగ్గరి ఆ నీటి గీతను 1969లో కాలిఫోర్నియాలోని హ్యాట్ క్రీక్ నుంచి చూశారు. చూసిన బృందంలో చార్లెస్ టౌన్స్ ఉన్నారు. ప్రయోగశాలలో తొలి మేజరును 1954లో నడిపించి, 1964లో నోబెల్ పంచుకున్న టౌన్స్ ఆయనే! ఆయన యంత్రం కట్టడానికి ఎంతో ముందునుంచే మృగశిర మేఘంలో అది తనంతట తాను నడుస్తోంది. ఈ గీతను మన గాలి కొంతే మింగుతుంది, అందుకే నేలమీదినుంచి దొరికింది. పసినక్షత్రం చిమ్మే ధార చుట్టూ వాయువును గుద్దుకున్న చోట ఇది మెరుస్తుంది, అందుకే పుట్టుక తొలి జాడల్లో దీనికి పెద్ద పేరు. ఆ మెరిసే చుక్కల కదలికను సుదూర యాంటెనాలు కలిపి ఏళ్ల తరబడి కొలిచి దూరాలు కూడా తేలుస్తారు. ఒక్కటి మాత్రం మనవడికి చెప్పండి: మేజరు ఎంత వెలిగిందన్నదాన్నిబట్టి నీరు ఎంత ఉందో చెప్పకూడదు. గీత దానంతట అదే పెరిగిపోతుంది, వారాల్లో మారిపోతుంది.

ప్రశ్న: హెర్షెల్ సమాచారం నాలాంటివాళ్లకు దొరుకుతుందా? ఎమ్మెస్సీ ప్రాజెక్టుకు పనికొస్తుందేమోనని అడుగుతున్నాను.
– పీజీ విద్యార్థి, వరంగల్

జవాబు: దొరుకుతుంది, పైసా ఖర్చు లేదు. యూరప్ అంతరిక్ష సంస్థ నడిపే హెర్షెల్ సైన్స్ ఆర్కైవ్‌లో అందరికీ తెరిచి ఉంది. హైఫీ పరికరాన్ని ఎంచుకుని, వస్తువు పేరుగా డబ్ల్యూ43-ఎంఎం1 ఇచ్చి, 1113 గిగాహెర్ట్జ్ గీతతో మొదలుపెట్టండి. గ్రాఫులో అడ్డ అక్షాన్ని పౌనఃపున్యంనుంచి వేగంలోకి మార్చుకోండి. ఆ ముద్ద సొంత వేగం సెకనుకు 98, 99 కిలోమీటర్ల మధ్య, అక్కడ నిలువుగా ఒక చుక్కల గీత గీసి గుంట ఎటు ఒరిగిందో చూడండి. ధూళి వెలుగు మట్టాన్ని తీసేసి సున్నా దగ్గరికి తెచ్చే వీలు సాఫ్ట్‌వేరులో ఉంటుంది, దాన్ని తీయనివ్వకండి, గుంట లోతు ఆ మట్టంతో పోల్చినప్పుడే తెలుస్తుంది. హైఫీ రెండు పక్కల పౌనఃపున్యాలను ఒకేసారి వింటుంది కనుక గీత ఒక పక్కనుంచే వచ్చినా ధూళి వెలుగు రెండు పక్కలనుంచీ వచ్చి రెట్టింపు కనిపిస్తుంది. లెక్క మొదలుపెట్టే ముందే ఆ మట్టాన్ని సగం చేసుకోండి. లేకపోతే వెనక వెలుగును పూర్తిగా మింగేసిన గీత కూడా సగమే మింగినట్టు కనిపించి, మీ నీటి లెక్క అక్కడే తప్పుతుంది.